హ్యూ ఓవెన్ థామస్

హ్యూ ఓవెన్ థామస్ (ఆగష్టు 23, 1834 - జనవరి 6, 1891) బ్రిటన్‌కు చెందిన ప్రముఖ ఎముకల వైద్యుడు. వేల్స్‌లో పుట్టి, లివర్‌పూల్ ఓడరేవు నగరములో జీవితమంతా వైద్యము చేశాడు. తొడ ఎముక విరిగినపుడు కాలిని కదలకుండా నిలిపి ఉంచే థామస్ స్ప్లింట్ (థామస్ బద్ద) ఈయన రూపొందించినదే. నూట యాభై సంవత్సరాల తరువాత కూడా పిల్లలలోను పెద్దలలోను తొడ ఎముక విరిగినపుడు ఈ బద్దను వాడుచున్నారు. ఏ పెద్ద ఆసుపత్రిలోను పదవి లేకుండా, తన ఇంటినే వైద్యశాలగా చేసుకొని, ఎక్కువగా ఓడరేవు కూలీలకు, వారి పిల్లలకు చికిత్స చేసిన థామస్ జీవించి ఉండగా తోటి వైద్యుల ఆదరణ పొందలేదు. ఈయన విలువ మొదటి ప్రపంచ యుద్ధకాలములో, అనగా ఈయన మరణించిన పాతికేళ్ళ తరువాత లోకానికి తెలిసింది.

వంశము

థామస్ పూర్వీకులు వేల్స్ వాయవ్య తీరమునకు ఆనుకొని ఉన్న ఆంగ్లసీ ద్వీపములో తరతరాలుగా విరిగిన ఎముకలు కట్టేవారు. వైద్య కళాశాల చదువు లేకుండా, చేతి స్పర్శతోనే ఎముక విరిగిన చోటును గుర్తించి, సరిచేసి కట్టు కట్టే ఇటువంటివారు ఆ రోజులలో ఇంగ్లాండు, వేల్స్ గ్రామాలలో చాలామంది ఉండేవారు. ఆంధ్ర ప్రాంతములో పుత్తూరు కట్టు కట్టే కుటుంబాలతో వీరిని పోల్చవచ్చును.

ఈ వంశానికి మూలపురుషుని గురించి ఒక కథనము ఉంది. 1745 ప్రాంతములో ఆంగ్లసీ తీరమున ఒక ఓడ మునిగిపోగా ఇద్దరు బాలురు ఒడ్డుకు చేరారు. వారిలో ఒకడు మాత్రమే బ్రతికాడు. వాడు మాట్లాడే భాష ఆ ఊరివారికి అర్థము కాలేదు. స్థానికుడైన ఒక వైద్యుడు ఆ బాలుని పెంచుకొని ఎవాన్ థామస్ అని పేరు పెట్టాడు. ఆ పిల్లవాడు మొదట పక్షుల, జంతువుల విరిగిన ఎముకలను, తరువాత మనుష్యుల ఎముకలను కట్టసాగాడని చెప్పుకుంటారు. అతడు స్పెయిన్ దేశీయుడని చాలాకాలము అనుకున్నారు గాని, ఇటీవల అతని వంశీయులపై జరిపిన డిఎన్ఎ పరీక్షలు కాకసస్ ప్రాంతమును సూచించాయి. 1814లో మరణించిన ఈ ఎవాన్ థామస్ స్మారక ఫలకము ఆంగ్లసీలోని ఒక చర్చిలో నేటికీ ఉంది.

ఆయన మనుమడే హ్యూ తండ్రి. ఈయన పేరు కూడా ఎవాన్ థామసే (1804-1884). ఈయన యౌవనములోనే పల్లె విడిచి లివర్‌పూల్ చేరి, అక్కడ ఎముకలు కట్టుటలో గొప్ప పేరు సంపాదించాడు. రోగులు పెరిగినకొద్దీ పట్టాలు గల వైద్యులకు ఈయనపై కోపమూ పెరిగింది. చికిత్స చెడిందని ఆరోపిస్తూ ఈయనను పలుమార్లు కోర్టుకు లాగారు. కేసులు నెగ్గినా ఈయన మనసుకు శాంతి లేకపోయింది. తన కొడుకులకు ఈ అవమానము తప్పాలంటే వారు చదివి పట్టా పొందాలని నిశ్చయించుకొని, అయిదుగురు కుమారులనూ వైద్యవిద్యకే పంపాడు. వారిలో పెద్దవాడు హ్యూ.

బాల్యము, విద్య

హ్యూ ఆంగ్లసీలోని బోడెడెర్న్ వద్ద జన్మించాడు. చిన్నతనములో బక్కపలచగా, తరచు జబ్బుతో ఉండుటవలన ఈయనను నగరములో ఉంచక, సముద్రపు గాలి తగిలే రోస్కోలిన్ గ్రామములో తాత ఇంట పెంచారు. ఆ రోజులలోనే కంటిరెప్పకు దెబ్బ తగిలి రెప్ప బయటకు మడత పడిపోయింది. దానిని కాపాడుకొనుటకు ముందుకు వంగిన అంచు గల టోపీని కంటిమీదకు లాగి పెట్టుకొనే అలవాటు ఈయనకు జీవితాంతము ఉండిపోయింది. ఫొటోలలో కనిపించే ఆ టోపీ వేషము కోసము పెట్టినది కాదు.

పదిహేడవ ఏట సెయింట్ ఆసఫ్ పట్టణములో వైద్యుడైన తన మేనమామ ఓవెన్ రాబర్ట్స్ వద్ద శిష్యునిగా చేరి నాలుగేళ్ళు పనిచేశాడు. తరువాత ఎడింబరోలోను, లండన్ యూనివర్సిటీ కాలేజీలోను చదివి 1857లో శస్త్రవైద్య పట్టా పొందాడు. కొంతకాలము పారిస్ ఆసుపత్రులను కూడా చూసి లివర్‌పూల్‌కు తిరిగి వచ్చాడు.

కొడుకు పట్టాతో వచ్చి తండ్రి ప్రక్కన కూర్చొనుటతో కుటుంబ సమస్య తీరవలసింది. కాని అలా జరగలేదు. ఇద్దరికీ వైద్యపద్ధతిలో అభిప్రాయభేదాలు వచ్చి, కొద్దికాలములోనే హ్యూ వేరుపడి స్వంతముగా వైద్యము ప్రారంభించాడు. అయినను, వంశములోనివారు చేతులతో నేర్చిన ఓపికను ఈయన వదులుకోలేదు. కళాశాలలో నేర్చిన శరీరనిర్మాణ శాస్త్రమును దానికి జోడించాడు. ఈయన వైద్యమంతా ఈ రెండింటి కలయికయే.

నెల్సన్ వీధిలో వైద్యము

1866 నుండి లివర్‌పూల్ నెల్సన్ వీధిలోని 11వ నంబరు ఇల్లు థామస్ నివాసము, వైద్యశాల కూడా. ఓడరేవుకు దగ్గరగా ఉండుటచే రోగులలో ఎక్కువమంది ఓడలలో సరుకు ఎత్తి దించే కూలీలు, ఓడలు కట్టే పనివారు, నావికులు, వారి కుటుంబాలవారు. కార్మిక సంఘాలు చాలావరకు తమ సభ్యుల వైద్యమును ఈయనకే అప్పగించాయి. దగ్గరలోని మరొక వీధిలో కొన్ని మంచాలతో ఈయన స్వంత ఆసుపత్రి ఉండేది.

ఇంటిలోనే ఒక కార్ఖానా ఉండేది. అక్కడ కమ్మరి ఇనుప కడ్డీలను వంచుచుండగా, తోలుపనివాడు వాటికి మెత్తలు కుట్టేవాడు. రోగి ముందు కూర్చొని ఉండగానే అతని కాలి కొలతలకు సరిపోయే బద్ద తయారయ్యేది. థామస్ స్వయముగా ఇనుమును వంచగలిగేవాడు. నేడు ఎముకల ఆసుపత్రులలో కృత్రిమ అవయవాలు, ఊతకర్రలు, బూట్లు తయారుచేసే విభాగము వేరే ఉంటుంది. థామస్ ఇంట ఆ పని వైద్యుని గదికి పక్కగదిలోనే జరిగేది.

తెల్లవారకముందే లేచి, తాను స్వయముగా నమూనా గీయించుకొన్న ఎర్రని గుర్రపు బండిలో రోగుల ఇళ్ళకు వెళ్ళి వచ్చేవాడు. తిరిగి వచ్చేసరికి ఇంటిముందు రోగులు బారులు తీరి ఉండేవారు. ఆదివారము పేదలకు ఉచిత వైద్యము. దూరప్రాంతాలనుండి తల్లులు పిల్లలను ఎత్తుకొని వచ్చేవారు. మెడ వరకు బొత్తాలు పెట్టిన నల్లకోటు, టోపీ, పెదవుల మధ్య ఆరని సిగరెట్టు - ఇవి లివర్‌పూల్ జనానికి బాగా తెలిసిన గుర్తులు. సెలవు అన్నది దాదాపు ఎరుగడు.

1864లో రిల్ పట్టణానికి చెందిన ఎలిజబెత్ జోన్స్‌ను వివాహము చేసుకున్నాడు. వారికి సంతానము కలుగలేదు. 1873లో ఎలిజబెత్ మేనల్లుడు, 16 ఏళ్ళ రాబర్ట్ జోన్స్ వైద్యము చదువుటకు లివర్‌పూల్ వచ్చి వీరి ఇంట చేరాడు. సొంత బిడ్డ వలె పెరిగిన ఈ కుర్రవాడే తరువాత థామస్ పనిని ప్రపంచానికి చాటాడు.

విశ్రాంతి సిద్ధాంతము

థామస్ చెప్పినది అర్థము కావాలంటే ఆనాటి పరిస్థితి తెలియాలి. ఎక్స్-రే 1895లో గాని కనుగొనబడలేదు. అనగా థామస్ తన జీవితములో ఒక్క విరిగిన ఎముక ఛాయాచిత్రమును కూడా చూడలేదు. క్షయ క్రిమిని కోచ్ 1882లో గుర్తించాడు. దానికి మందు రావటానికి ఇంకా అరవై ఏళ్ళు పట్టింది. నగరములోని ఇరుకు ఇళ్ళలో పిల్లలకు తుంటికి, మోకాలికి క్షయ సోకి కీళ్ళు చీముపట్టేవి. మత్తుమందు 1846 నుండి అందుబాటులోకి రావటముతో శస్త్రవైద్యులకు ధైర్యము పెరిగి, చెడిన కీలును కోసి తీసివేయుట, లేదా కాలినే తీసివేయుట మామూలైపోయింది. పిల్లవాడు బ్రతికినా జీవితాంతము అవిటివాడే.

ఈ పద్ధతిని థామస్ గట్టిగా ఎదిరించాడు. దెబ్బతిన్న ఎముకకు, కీలుకు కావలసినది కత్తి కాదని, విశ్రాంతి అని వాదించాడు. ఆ విశ్రాంతి నామమాత్రముగా ఉంటే చాలదు. రోగి కదలాలనుకున్నా కదలలేనట్లు బలవంతముగా ఉండాలి, మధ్యలో ఒక్క గంట కూడా తెగకూడదు, జబ్బు పూర్తిగా నయమయ్యేవరకు నెలలైనా సంవత్సరాలైనా కొనసాగాలి. శరీరము తనను తాను బాగుచేసుకుంటుంది, వైద్యుడు దానికి అడ్డుపడే కదలికను తొలగించాలి అన్నది ఈ సిద్ధాంతములోని సారము. 1875లో ప్రచురించిన తుంటి, మోకాలు, చీలమండ కీళ్ళ వ్యాధుల గ్రంథములో దీనిని వివరించాడు.

అదే గ్రంథములో తుంటి పరీక్ష ఒకటి వర్ణించాడు. తుంటి బిగుసుకుపోయిన పిల్లవాడు నడుమును వంచి, కాలు చాపినట్లే కనబడి వైద్యుని మోసపుచ్చగలడు. పిల్లవాని వెల్లకిల పడుకోబెట్టి, బాగున్న కాలిని మడిచి కడుపు మీదకు తెస్తే నడుము బల్లకు ఆనుతుంది. అప్పుడు జబ్బు కాలు తనంతట తానే పైకి లేచి తన అసలు వంపును చూపుతుంది. ఏ పరికరమూ అక్కరలేని ఈ థామస్ పరీక్షను నేటికీ ప్రతి వైద్యవిద్యార్థి నేర్చుకుంటాడు. పిల్లల చదునుపాదాలకు బూటు మడమను లోపలివైపు ముందుకు పొడిగించే థామస్ మడమ, మెడకు పెట్టే థామస్ పట్టీ కూడా ఈయనవే.

థామస్ బద్ద

ఈ బద్ద మొదట తొడ ఎముక కోసము చేసినది కాదు. మోకాలి క్షయ గల రోగుల కోసము చేసినది. నిర్మాణము చాలా సరళము. తొడ మొదట్లో ఇమిడే ఇనుప వలయము ఒకటి. దానికి తోలుతో కుట్టిన మెత్త. వలయము నుండి కాలికి ఇరువైపులా రెండు కడ్డీలు క్రిందికి దిగి, పాదము దాటిన తరువాత కలుస్తాయి. కాలి క్రింద కడ్డీల మధ్య గుడ్డ పట్టీలు ఊయలవలె కట్టి కాలిని వాటిపై ఉంచుతారు. నడవగలిగే రోగికి కడ్డీల చివరలు నేలకు ఆనేవి. బాగున్న పాదమునకు ఎత్తు కోసము ఇనుప పట్టా తగిలించి, చంకకర్రలతో నడిపించేవారు. పిల్లలు నెలల తరబడి మంచమునకు అతుక్కుపోకుండా ఎండలో తిరగటానికి ఇది వీలు కల్పించింది.

ఇదే బద్ద తొడ ఎముక విరిగినపుడు ఎందుకంత ఉపయోగపడిందో చూడాలి. తొడ ఎముక శరీరములోకెల్లా పొడవైనది, బలమైనది. దాని చుట్టూ ఉన్న కండరాలు కూడా అంతే బలమైనవి. ఎముక విరిగిన వెంటనే ఆ కండరాలు బిగుసుకొని రెండు ముక్కలను ఒకదానిపైకి ఒకటి లాగివేస్తాయి. కాలు పొట్టి అవుతుంది, వంకర తిరుగుతుంది. రోగిని కదిలించిన ప్రతిసారీ పదునైన ఎముక చివరలు లోపలి కండను చీల్చి రక్తము పోయేటట్లు చేస్తాయి. తొడ లోపల పైకి కనబడకుండానే చాలా రక్తము చేరగలదు.

థామస్ బద్దలో వలయము పిరుదు క్రింద మనము కూర్చొనే ఎముకకు ఆనుకొని పైకి నెట్టుతుంది. పాదమును బద్ద చివరకు లాగి కడతారు. ఈ రెండింటి మధ్య కాలు సాగి నిలబడుతుంది. బరువులు, కప్పీలు అక్కరలేదు. లాగే బలము, దానిని తట్టుకునే బలము రెండూ ఒకే చట్రములో ఉండుటవలన రోగిని ఎత్తి మరొక చోటికి తీసుకొనిపోవచ్చును. పిల్లలకు కాలికి ఇరువైపులా చర్మముపై అంటుపట్టీలు అతికించి, వాటి కొసలను బద్ద చివరకు కడితే చాలు, ఎముకలోకి మేకు దించనవసరము లేదు.

అదే కాలములో లండన్ గైస్ ఆసుపత్రి శస్త్రవైద్యుడు థామస్ బ్రయంట్ (1828-1914) పసిపిల్లలకు మరొక ఉపాయము చూపాడు. రెండేళ్ళలోపు బిడ్డ రెండు కాళ్ళనూ నిలువుగా పైకి కట్టి, పిరుదులు పడకకు తాకీ తాకనట్లు వేలాడదీయుట. బిడ్డ బరువే లాగే బలమవుతుంది. ఇది చూచుటకు తల్లిదండ్రులకు భయము గొలిపినా బిడ్డలు త్వరలోనే అలవాటుపడి ఆడుకునేవారు. అయితే బరువైన పిల్లలలో పాదాలకు రక్తము సరిగా అందక ప్రమాదము కలుగునని తరువాత తెలిసింది.

స్వభావము, వివాదాలు

థామస్ మృదువైన మనిషి కాదు. రోగుల పట్ల, అందునా పిల్లల పట్ల చూపిన దయలో కొంతైనా తోటి వైద్యుల పట్ల చూపలేదు. తన పుస్తకాలలో పేరుపొందిన శస్త్రవైద్యుల పద్ధతులను పేర్లు చెప్పి మరీ ఖండించాడు. పైగా ఆ పుస్తకాలు సొంత ఖర్చుతో అచ్చువేసినవి, శైలి క్లిష్టము. వాటిని చదివినవారు తక్కువ, చదివి నొచ్చుకున్నవారు ఎక్కువ. ఎముకలు కట్టేవాని కొడుకు అన్న చిన్నచూపు కూడా తోడై ఉండవచ్చును గాని, ఆదరణ దక్కకపోవటములో ఈయన కలము పాత్రను తక్కువ చేయరాదు.

ఈయన చెప్పినవన్నీ నిలిచాయని కూడా అనలేము. త్వరగా అతకని ఎముకను సుత్తితో మెల్లగా తట్టి, దాని పైన క్రింద పట్టీలు బిగించి రక్తమును అక్కడ నిలుపుట అనే చికిత్స ఆ రూపములో నేడు లేదు. ఎముక అతికిన తరువాత కూడా సుదీర్ఘకాలము కదలకుండా ఉంచుటను నేటి వైద్యులు అంగీకరించరు.

విదేశాలలో మాత్రము కొందరు ముందుగా గుర్తించారు. న్యూయార్క్ వైద్యుడు జాన్ రిడ్లన్ 1887లో లివర్‌పూల్ వచ్చి థామస్ పద్ధతులు చూచి వెళ్ళి, అమెరికాలో థామస్ బద్దనే వాడుదునని పట్టుబట్టి తన ఆసుపత్రి పదవిని పోగొట్టుకున్నాడు.

మరణము

విశ్రాంతే మందు అని బోధించిన థామస్ తాను మాత్రము విశ్రాంతి తీసుకోలేదు. 1891 జనవరి 6న న్యుమోనియాతో 56వ ఏట మరణించాడు. అంత్యక్రియలకు ఓడరేవు కార్మికులు వేలాదిగా తరలివచ్చారు. ఈయన వేసిన బద్దలతో నడిచి బాగుపడినవారు ఆ జనములో ఉన్నారు. లివర్‌పూల్‌లోని టాక్స్‌టెత్ పార్క్ శ్మశానవాటికలో ఖననము చేశారు.

రాబర్ట్ జోన్స్, మహాయుద్ధము

మామ పెట్టిన వైద్యశాల, కార్ఖానా రాబర్ట్ జోన్స్ (1857-1933) చేతికి వచ్చాయి. ఇద్దరి స్వభావాలు పూర్తిగా వేరు. జోన్స్ స్నేహశీలి, ఎవరినీ నొప్పించనివాడు. మామ వాదించి ఒప్పించలేకపోయిన వైద్యులను ఈయన చేసి చూపి ఒప్పించాడు. చిన్ననాటి తుంటి వ్యాధితో తానే బాధపడిన ఆగ్నెస్ హంట్ అనే నర్సు 1900లో బాస్‌చర్చ్ గ్రామములో అవిటి పిల్లల కోసము ఒక ఆశ్రయము స్థాపించింది. జోన్స్ ఆమెకు తోడై అక్కడికి వెళ్ళి చికిత్స చేసేవాడు. గోడలు లేని పాకలలో, గాలీ వెలుతురూ తగులునట్లు మంచాలు వేసి, పిల్లలను బద్దలలో నెలల తరబడి ఉంచిన ఆ చోటు తరువాత ఆస్వెస్ట్రీ పట్టణమునకు మారి, ఇద్దరి పేర్లతో పెద్ద ఎముకల ఆసుపత్రి అయినది.

1914లో మొదటి ప్రపంచ యుద్ధము వచ్చింది. తుపాకి గుండు లేదా బాంబు ముక్క తగిలి తొడ ఎముక విరిగి గాయము బయటపడిన సైనికులలో అత్యధికులు ఆసుపత్రికి చేరేలోగానో, చేరిన కొద్దిరోజులకో చనిపోయేవారు. తుపాకి గొట్టమునకో, చెక్క పలకకో కట్టిన కాలు గతుకుల దారిలో కదిలి కదిలి రక్తము కారిపోయేది. జోన్స్ 1916లో సైనిక ఎముకల వైద్య విభాగమునకు పరిశీలకుడయ్యాడు. థామస్ బద్దను యుద్ధరంగములోనే, గాయపడిన చోటనే వేయాలన్న ఆదేశము అమలుకు వచ్చింది. ప్యాంటు, బూటు విప్పకుండానే పైన బద్ద తొడిగి, బూటుకే తాడు కట్టి లాగి బిగించుట మోతగాళ్ళకు నేర్పారు. రాత్రి చీకటిలో కూడా పొరపడకుండా ఉండుటకు వారికి కళ్ళకు గంతలు కట్టి అభ్యాసము చేయించారు.

1917 ఏప్రిల్‌లో అర్రాస్ యుద్ధములో ఇటువంటి 1,009 కేసులను పరిశీలించిన శస్త్రవైద్యుడు హెన్రీ గ్రే, మరణాలు నూటికి 15.6గా నమోదు చేశాడు. అంతకుముందు ఇవి నూటికి 80 అని తరచుగా వ్రాస్తారు. ఈ 80 అనే సంఖ్యను కొందరు పరిశోధకులు సందేహించారు. పైగా వెంటనే శస్త్రచికిత్స చేయుట, రక్తము ఎక్కించుట వంటివి కూడా అదే సమయములో మెరుగుపడ్డాయి. ఫలితమంతా బద్దదే అనుట సరికాదు. అయినను కదలికను ఆపితే ప్రాణము నిలుస్తుందన్న నెల్సన్ వీధి వైద్యుని మాటకు ఇంతకంటే పెద్ద పరీక్ష జరుగలేదు.

పిల్లలలో నేటి చికిత్స

థామస్ కాలము నుండి నేటివరకు మారనిది ఒకటుంది. పిల్లల తొడ ఎముక అతుకుతుంది. పిల్లలలో ఎముకపై పొర మందముగా, రక్తప్రసరణ ఎక్కువగా ఉంటుంది. అప్పుడే పుట్టిన శిశువుకు రెండు మూడు వారాలలో, అయిదేళ్ళ పిల్లవానికి సుమారు 6 వారాలలో, 12 ఏళ్ళు దాటినవారికి 10 - 12 వారాలలో ఎముక అతుకుతుంది. కొద్ది వంకర ఉన్నా పెరుగుదలతో పాటు చాలావరకు సరి అవుతుంది. విరిగిన కాలు కొంతకాలము వేగముగా పెరిగి, రెండవ కాలికంటె సుమారు ఒక సెంటీమీటరు వరకు పొడవు కావచ్చును. ముఖ్యముగా 2 నుండి 10 ఏళ్ళ వయసులో ఇది జరుగుతుంది. అందుచేతనే ఆ వయసులో ఎముక ముక్కలు కొద్దిగా ఒకదానిపై ఒకటి ఎక్కి అతికినా వైద్యులు ఆందోళన చెందరు. కాలు మెలి తిరిగి అతికితే మాత్రము పెరుగుదల దానిని సరిచేయదు.

చికిత్స వయసును బట్టి ఉంటుంది. ఆరు నెలల లోపు శిశువుకు మెత్తని పట్టీల జీను (పావ్లిక్ జీను) లేదా సిమెంటు కట్టు చాలును. ఆరు నెలల నుండి అయిదేళ్ళ వరకు సాధారణముగా నడుము నుండి పాదము వరకు సిమెంటు కట్టు వేస్తారు. అయిదు నుండి పదకొండేళ్ళ వారికి, ఫ్రాన్సులోని నాన్సీ నగర వైద్యులు ప్రచారములోకి తెచ్చిన వంగే సన్నని కడ్డీలను ఎముక లోపలికి పంపుతారు. పిల్లవాడు కొద్దిరోజులలోనే చంకకర్రలతో లేవగలడు. ఆ పై వయసువారికి గట్టి కడ్డీ గాని, పలక గాని అమరుస్తారు. పూర్వము వారాల తరబడి మంచముపై కాలు లాగి కట్టి ఉంచినదంతా దీనితో చాలావరకు తగ్గింది. థామస్ బద్ద ఇప్పుడు ఎక్కువగా ప్రమాదస్థలము నుండి ఆసుపత్రికి తెచ్చుటలోను, ఆపరేషను లేదా కట్టుకు ముందు నొప్పి తగ్గించుటకును వాడబడుచున్నది. వనరులు తక్కువగా ఉన్న చోట్ల నేటికీ పూర్తి చికిత్స దానితోనే జరుగుతుంది.

బద్ద వేసినా, కట్టు వేసినా ఇంటివారు చూచుకోవలసినవి కొన్ని ఉన్నాయి. కాలివేళ్ళు వెచ్చగా, మామూలు రంగులో ఉండి కదులుతూ ఉండాలి. వేళ్ళు చల్లబడినా, నీలిరంగు తిరిగినా, మొద్దుబారినా, మందుకు లొంగని నొప్పితో పిల్లవాడు ఏడ్చినా తెల్లవారేదాకా ఆగకుండా వైద్యునికి చూపాలి. వలయము ఆనుకొనే చోట చర్మము ఒరుసుకొని పుండు పడకుండా, తడి తగలకుండా చూడాలి. దురద పుడితే కట్టులోనికి పుల్లలు దూర్చరాదు. కట్టు విప్పిన తరువాత కొన్ని వారాలు, ఒక్కొక్కసారి నెలలు కుంటినడక ఉండుట సహజము. ఆట, పరుగు వైద్యుడు చెప్పిన తరువాతనే. రెండు కాళ్ళ పొడవును రెండేళ్ళ వరకు అప్పుడప్పుడు కొలిపించాలి. నడక రాని పసిబిడ్డకు తొడ ఎముక విరిగితే, దెబ్బ ఎలా తగిలిందో వైద్యులు మరీ మరీ ప్రశ్నిస్తారు. ఇది తల్లిదండ్రులను అవమానించుటకు కాదు. బిడ్డను ఎవరైనా హింసించారేమో తెలుసుకొనుట వారి విధి.

తెలుగునాట

తెలుగు జిల్లాలలో ఎముక విరిగితే ఆసుపత్రికంటె ముందు కట్టు కట్టేవారు గుర్తుకు వచ్చుట ఇప్పటికీ ఉంది. తిరుపతి సమీపములోని పుత్తూరు పేరు ఇందుకు ప్రసిద్ధము. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురుబద్దలు, గుడ్డ - వీటితో కట్టే ఆ కట్టు కోసము నెల్లూరు తీరము నుండే కాక తమిళ, కన్నడ ప్రాంతాలనుండి కూడా జనము వెళుతుంటారు. స్థానము తప్పని చేతి ఎముకలు, చిన్న విరుపులు అక్కడ అతుకుట నిజమే. తొడ ఎముక సంగతి వేరు. కండరాల లాగుడును కేవలము చుట్టూ బిగించిన బద్దలు ఆపలేవు. మరీ బిగిస్తే రక్తము ఆగి కాలికే ముప్పు. థామస్ వంశములోనివారూ ఇటువంటి వెదురుబద్దల వంటి బద్దలతోనే మొదలుపెట్టారు. హ్యూ వాటికి చేర్చినది ఆ వలయము, ఆ లాగి కట్టుట.

కావలి వంటి పట్టణములో పిల్లవాడు మిద్దెపై నుండి గాని, చెట్టుపై నుండి గాని పడి తొడ విరిగితే, ఆపరేషను అవసరమైన సందర్భములో 50 కిలోమీటర్లకు పైగా దూరములోని నెల్లూరుకు తీసుకొనిపోవలసి రావచ్చును. ఆ గంట ప్రయాణములోనే కాలు కదలకుండా ఉండుట అన్నిటికంటె ముఖ్యము. 2005 ఆగష్టు 15న రాష్ట్రములో ప్రారంభమైన 108 అంబులెన్సు రాకతో దారిలో కాలికి బద్ద వేయుటకు శిక్షణ పొందినవారు అందుబాటులోకి వచ్చారు. వాహనము వచ్చేలోగా పిల్లవానిని లేపి నిలబెట్టుట, కాలు లాగి సరిచేయబోవుట, నూనెతో రుద్దుట చేయరాదు. రెండు కాళ్ళ మధ్య మడిచిన దుప్పటి ఉంచి, విరిగిన కాలిని బాగున్న కాలికే మెత్తగా కట్టి, వెల్లకిల పడుకోబెట్టి ఉంచాలి. ఆపరేషను అవసరము కావచ్చును కనుక వైద్యుడు చూచేవరకు తినుటకు, త్రాగుటకు ఏమీ ఇవ్వరాదు.